ముప్పావు కిలో దూది

కొండమలుపు దగ్గర బస్సు ఆగిపోయింది. పైనుంచి రాళ్ళు జారి దారికి అడ్డంగా పడ్డాయి. డ్రైవరు దిగి వెళ్ళి చూసి తిరిగొచ్చాడు.

"పనివాళ్ళొచ్చి తీసేదాకా బండి కదలదు. తొందరున్నవాళ్ళు రెక్కలు కట్టుకుని ఎగరొచ్చు" అన్నాడు.

నాకు తొందరేముంటుంది. నలభై ఏళ్ళుగా ఊళ్ళు పట్టుకు తిరుగుతున్నవాణ్ణి. చదివిన పుస్తకాల్లో సగం ఇలా ఆగిపోయిన బస్సుల్లో చదివినవే. కానీ నా పక్కనున్న ఆవిడ గభాలున లేచి నిలబడింది. యాభై అయిదేళ్ళుంటాయి. పొద్దున్న బస్సెక్కిన దగ్గర్నుంచీ ఒళ్ళో ఒక గుడ్డమూట పెట్టుకుని కూర్చుంది. పైన పెట్టమని కండక్టరు రెండుసార్లు చెప్పినా వినలేదు.

"ఎంతసేపు పడుతుంది బాబూ?"

"మధ్యాహ్నం దాటొచ్చు పిన్నీ."

"నడిస్తే?"

"కాలిదారిన రెండు గంటలు. మోకాళ్ళు బాగుంటే."

ఆవిడ దగ్గర ఫోను లేదు. రవికలోంచి ఒక చీటీ తీసి, ఈ నంబరుకి ఒక్కసారి చేసిపెట్టమంది. లోయవైపు పిట్టగోడ అంచున నిలబడితే తప్ప సిగ్నలు అందడం లేదు. డ్రైవరు అక్కడికి వెళ్ళి చేశాడు. అవతల మోగి మోగి ఆగిపోయింది.

"గడియారాల కొట్టని రాసుంది కదా పిన్నీ, ఇంకా తెరవలేదేమో."

"నిన్నట్నుంచీ ఇదే వరస. ఇంటి ముందుగదే కొట్టు. బిడ్డ పుట్టిందని మూసినట్టున్నారు. కాసేపాగి మళ్ళీ చూడు నాయనా."

ఆ గోడమీదే కూర్చుంది. నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఎవరి బాధైనా సగం వినేసరికి మిగతా సగం విననిదే కదల్లేకపోవడం నా జబ్బు. కింద లోయలో మేం వెళ్ళాల్సిన పట్నం కనిపిస్తోంది. చలికి ప్రతి ఇంట్లోనూ నిప్పు రాజేసినట్టున్నారు, కప్పుల మీద పొగ సన్నగా లేస్తోంది. ఆవిడ ఆ పొగలనే ఒక్కొక్కటిగా చూస్తోంది.

"మూటలో ఏముందమ్మా?" అన్నాను.

"బొంత. చంటిపిల్లది."

బట్టల చరిత్రలు నేను చాలానే చదివాను. పట్టు ఏ దారిన వచ్చింది, ఎర్రరంగు ఏ పురుగులోంచి తీశారు, ఏ రాజు ఏ అంచు కట్టాడు, అన్నీ రాశారు. రాసినవాళ్ళంతా పైగుడ్డ దగ్గరే ఆగిపోయారు. లోపల కూరిన దూది సంగతి ఒక్కరికీ పట్టలేదు. ఈవిడ ముప్పై ఏళ్ళుగా బతికింది ఆ లోపలి దూది మీదే.

భర్త దూది ఏకేవాడట. పదహారేళ్ళు ఆ దుమ్ము పీల్చి, చివరికి నాలుగు మెట్లెక్కితే కూలబడేవాడు. పోతూ ఆవిడకు మిగిల్చింది ఒక అద్దెగది, గోడకు వేలాడే ఏకుడు విల్లు, ఒక అలవాటు. దూది కొనేముందు చిటికెడు తీసి కొట్టు బయట అగ్గిపుల్లతో అంటించి చూడాలి. మంచి దూది కాగితంలా కాలి బూడిదై రాలిపోతుంది. పాత సోఫాల్లోని ప్లాస్టిక్ పీచు కలిస్తే కరిగి నల్లటి పూసలా గడ్డకడుతుంది. బజారులో ఆవిడ పేరే అగ్గిపుల్లావిడ అయిపోయింది. "వస్తోందిరోయ్, నీళ్ళ బకెట్లు సిద్ధం చెయ్యండి" అని కొట్టువాళ్ళు నవ్వేవారు. ఆవిడా నవ్వేది, నవ్వుతూనే పుల్ల గీసేది.

పనిలో అంత పట్టింపు మనిషి. చంటిపిల్లల బొంతకి ముడులు రెండు గుడ్డల మధ్యే పడాలి, లేకపోతే లేతగోళ్ళు చిక్కుకుంటాయి. కూర్చునేముందు సూదులు లెక్కపెడుతుంది, లేచేటప్పుడు మళ్ళీ లెక్కపెడుతుంది.

"మరి ఇదేమిటమ్మా, ఇంత దిగులు?"

ఆవిడ వేళ్ళు మడిచింది.

"గడియారాలాయన భార్య వచ్చింది. కూతురికి ఎనిమిదో నెలలోనే కాన్పయింది, గుప్పెడంత పిల్ల, వెచ్చగా ఉంచమన్నారు, త్వరగా బొంత కావాలంది. ఏడొందల యాభైకి ఒప్పుకున్నా. గుడ్డ మూడొందలకి వస్తుందనుకున్నా. ఆవిడేమో ఇంకా మెత్తటిది కావాలంది, అది మూడొందల ఎనభై. దారం, సూదులు నలభై. దూది కిలో నాలుగొందలు. ముప్పావు కిలో పడుతుంది, మూడొందలు. అన్నీ పోతే నాలుగు రోజుల కష్టానికి నాకు మిగిలేది ముప్పై."

"ముందే చెప్పి ఇంకొంచెం అడగాల్సింది."

"మాట ఇచ్చేశాక ఏం అడుగుతాను పెద్దాయనా. అందుకే దూది కొట్టాయన్ని అడిగా. పాతికేళ్ళ పరిచయం, ఏనాడూ తగ్గించమనలేదు. ఆ రోజే నోరు తెరిచా. కొట్టు నిండా జనం. ఆయన కాసేపు నా మొహం చూసి, వెనకగదిలోకి వెళ్ళి వేరే మూట తెచ్చాడు. రెండొందలియ్యి చాలు, మనలో మనకేంటి అన్నాడు."

ఆవిడ చూపు లోయలోకి పోయింది. కింద పట్నంలో ఎక్కడో ఒక పొగ కాస్త నల్లగా లేచి మళ్ళీ తెల్లబడింది. ఆవిడ అది తెల్లబడేదాకా ఊపిరి పీల్చలేదు.

"అగ్గిపెట్టె చేతిలోనే ఉంది. వంద తగ్గించమని దేబిరించిన నోటితోనే, ఉండు నీ సరుకు కాల్చి చూస్తానని ఎలా అనను? సిగ్గేసింది. పెట్టె కొంగున ముడేసుకుని వచ్చేశా. ముప్పై ఏళ్ళలో ఆ ఒక్కసారే."

కొంగు ముడి విప్పింది. చిటికెడు తెల్లటి దూది. చూపుకి మబ్బుతునకలా ఉంది. నాకెవరైనా అమ్మితే మారుమాట్లాడకుండా కొనేవాణ్ణి. దాన్ని గోడమీద పెట్టి పుల్ల గీసింది.

"పిన్నీ, బండి పక్కన నిప్పేంటి, నా ఉద్యోగం తీయించేస్తావా?" అంటూ డ్రైవరు వచ్చాడు.

ఆవిడ పుల్లని దూదికి ఆనించింది. నిప్పు తగలగానే అది భగ్గుమని ముడుచుకుపోయింది. కరిగి, బుసబుసమంటూ రాతికి కారింది. గొంతు పట్టేసే వాసన. మంట ఆరాక అక్కడ మిగిలింది మినపగింజంత నల్లటి పూస. డ్రైవరు వేలితో తియ్యబోయి చప్పున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అది రాతికి అతుక్కుపోయి ఇంకా సెగలు కక్కుతోంది.

"బొంత ఇచ్చి ఐదు రోజులైంది" అంది ఆవిడ. "నేనే వెళ్ళి ఇచ్చా. పిల్లని నా చేతుల్తోనే చుట్టా. ఆ గదిలో మంచం పక్కనే బొగ్గుల కుంపటి పెట్టారు, వెచ్చగా ఉండాలని. మంచిపనే అన్నా నేను."

"ఎప్పుడు తెలిసింది నీకు?" అన్నాను.

"నిన్న పొద్దున. పొయ్యి రాజేద్దామని మిగిలిన దూది అంటిస్తే."

"నిన్ననే బయల్దేరాల్సింది కదమ్మా."

నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆవిడ మూట మీద రెండు చేతులూ వేసింది.

"ఒట్టి చేతులతో వెళ్ళి ఏం చెప్పను? నాసిరకం కూరానని చెప్పనా? అద్దె డబ్బులు తీసి మళ్ళీ అన్నీ కొన్నా. వేరే కొట్లో. మూడుసార్లు కాల్చి చూసి మరీ కొన్నా. నాలుగు రోజుల పని ఒక్క రోజులో లాగా. చూడు, కుట్టెంత దూరందూరంగా పడిందో. ఇది చేతిలో పెట్టి, పాతదాంట్లో కుట్టు తప్పిందని అబద్ధమాడి తెచ్చేసుకుందామని."

అంతసేపూ సరదాగా ఉన్న డ్రైవరు మొహం మారిపోయింది. మళ్ళీ ఆ నంబరు నొక్కాడు. ఈసారి ఎత్తారు. స్పీకరు పెట్టి ఫోను ఆవిడకిచ్చాడు.

"ఎవరూ?" అంది ముసలి గొంతు.

ఆవిడ మొహం వెలిగి, వెంటనే పాలిపోయింది. "ముసలాయన. గడియారాలాయన తండ్రి. వినపడదు" అని నాతో అని, ఫోనులోకి అరిచింది. "బాబుగారూ, బొంతలావిణ్ణి. ఆ బొంత తీసెయ్యండి. పిల్ల మీద కప్పకండి. కుంపటి దూరంగా జరపండి."

"ఎవరైనా సరే, మావాడు లేడమ్మా. గడియారాలు వచ్చేవారం. అందరూ పెరట్లో ఉన్నారు."

"ఇంట్లో ఇంకెవరినైనా పిలవండి బాబుగారూ."

"పిల్లా? పిల్ల బంగారంలా పడుకుందమ్మా. రాత్రి చలికి ముడుచుకుపోతుంటే నేనే కుంపటి మంచం కిందికి తోశా. ఇప్పుడు హాయిగా ఉంది." అవతల ఏదో దొర్లిన చప్పుడు. ఫోను ఆగిపోయింది.

డ్రైవరు మళ్ళీ చేశాడు. మోగుతూనే ఉంది. ఇంకోసారి. మోగుతూనే ఉంది.

"నేను చేస్తూనే ఉంటా పిన్నీ" అన్నాడు. "ఎవరో ఒకరు ఎత్తుతారు. నువ్వు కంగారు పడకు."

ఆవిడ అప్పటికే చెప్పులు విప్పి పక్కన పడేసింది. మూటని వీపుకేసి కొంగుతో కట్టుకుంది, పసిపిల్లని కట్టుకున్నట్టే. దారికడ్డంగా పడ్డ రాళ్ళ మీదికి చేతులూ మోకాళ్ళూ ఆనించి పాకింది.

"ఉండమ్మా, నేనూ వస్తాను" అన్నాను, నా కాళ్ళు ఆ మాట నిలబెట్టలేవని తెలిసి కూడా.

వినపడిందో లేదో. చీటీ గోడమీదే ఉండిపోయింది. రాళ్ళకి అవతల దిగి, ఒక్కసారైనా వెనక్కి తిరక్కుండా, కింద పొగల వైపు కాలిదారిన ఉత్తకాళ్ళతో వెళ్ళిపోయింది.