రాకుమారుడి తెల్లటి కళ్ళు

ఆ సీరియల్ తీసేవాళ్ళకు నాలుగు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. అందిందని ఒక ముక్క రాయడానికి కూడా వాళ్ళకు తీరిక లేదు. అందుకే ఈ పత్రికకు రాస్తున్నాను.

నేను గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాను. పొద్దున్నుంచీ కాటా దగ్గర నిలబడి మిరప టిక్కీలు, అంటే బస్తాలు, తూయించడం నా పని. తాగుడు మాని రెండేళ్ళు దాటింది. యార్డు దగ్గర ఒక గదిలో ఒక్కడినే ఉంటాను. ప్రతి శుక్రవారం పని అవగానే అక్క ఇంటికి భోజనానికి వెళ్తాను. అక్క, బావ తప్ప నాకెవరూ లేరు. సరిగ్గా ఆ వేళకే ఆ సీరియల్ వస్తుంది.

అందులో ఒక రాకుమారుడు మాంత్రికుడి మధువుకు బానిసయ్యాడు. గ్రాఫిక్స్‌లో అతని కళ్ళు నిప్పుల్లా మండేవి. నెలల తరబడి అలా నడిపి, ఒకరోజు దేవకన్య చేత అతని నాలుక మీద ఒక ఆకు పెట్టించారు. అంతే, కళ్ళు పాలలా తెల్లబడ్డాయి. సభంతా లేచి నిలబడింది. రాజమాత కొడుకును కౌగిలించుకుని ఏడ్చింది. మా అక్క కూడా ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని నావైపు తిరిగింది.

"ఏరా, నీ కళ్ళేంటి ఇంకా అంత ఎర్రగా ఉన్నాయి?"

"మిరప ఘాటక్కా. పొద్దుట్నుంచీ కాటా దగ్గరే ఉన్నా."

"ఆ ముక్క ఎన్నేళ్ళనుంచి చెప్తున్నావురా?"

"ఊరుకోవే, వాడికి దేవకన్య దొరకొద్దూ?" అన్నాడు బావ.

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు నేను మర్చిపోలేదు.

అక్క అన్నదాంట్లో అబద్ధం లేదు. తాగిన రోజుల్లో నేను చెప్పిందీ ఈ మాటే. ఇప్పుడది నిజమైంది, కానీ వినేవాళ్ళు లేరు.

మరుసటి శుక్రవారం నా కంచం వరండాలోకి వచ్చింది. "లోపల ఉక్కగా ఉందిరా, ఇక్కడే తిను" అంది అక్క. లోపల కూలర్ తిరుగుతోంది. తలుపు సందులోంచి ఆ చల్లగాలి నా పాదాలకు తగులుతూనే ఉంది. సీరియల్ పాటా వినిపిస్తూనే ఉంది. అప్పటినుంచి ప్రతి శుక్రవారం అక్కడే తింటున్నాను.

నాకెవరూ ఆకు పెట్టలేదు. తాగుడు మానిన మొదటి నెల చేతులు వణికి తూకం చీటీ మీద అంకెలు వంకర్లు పోయేవి. వైన్ షాపు కనబడకుండా ఇవాళ్టికీ చుట్టుదారిన గదికి నడుస్తాను. దారిలో పలకరించేవాళ్ళు ఉండరు.

సీరియల్ రాసే అయ్యా, ఐదోసారి అడుగుతున్నాను. కళ్ళు తెల్లబడిన మర్నాడు మీ రాకుమారుడి నోరు ఎవరైనా వాసన చూశారా? దుమ్ము పడి ఆ కళ్ళు మళ్ళీ ఎర్రబడితే రాజమాత అతన్ని ఎక్కడ కూర్చోబెట్టింది? ఆ ఒక్క ఎపిసోడ్ తీయండి. మా అక్క నా మాట నమ్మదు, మీరు చూపిస్తే నమ్ముతుంది. తీస్తారా, తీయరా? ఏదో ఒకటి రాయండి. వచ్చే శుక్రవారంలోపు రాయండి.