ఒక చుట్టు ఎక్కువ

మా ల్యాబ్ సార్ పోయారు. ఆ సంగతి నాకు ఫోన్లో తెలిసింది. పొద్దున్నే స్కూలుకు వచ్చి, రోబోటిక్స్ ల్యాబ్ తాళం తీసి, బ్యాటరీలు ఛార్జింగ్‌కు పెడుతున్నాను. కాలేజీ పాత విద్యార్థుల గ్రూపులో ఆయన ఫోటో వచ్చింది. గుండెపోటట, మధ్యాహ్నం కొడవలూరులో అంత్యక్రియలట. ఆ కింద వరసగా దండం పెట్టే చేతుల బొమ్మలు. అలాంటి గురువు మళ్లీ దొరకరని ఒకరు, దేవుడని ఇంకొకరు. నేనూ ఏదో ఒకటి రాద్దామని ఫోను చేతిలోకి తీసుకున్నాను. "నాకు పని నేర్పారు" అని రాసి చెరిపేశాను. "నన్ను మోసం చేశారు" అని రాసి అదీ చెరిపేశాను. రెండూ నిజమే. ఆ గ్రూపులో ఏ ఒక్కటి రాసినా సగమే చెప్పినట్టవుతుంది. అందుకని ఇక్కడ రాస్తున్నాను. మీకు ఆయన ముఖం తెలియదు, కాబట్టి నేను చెప్పేది చివరిదాకా వింటారని ఆశ.

మాది మైపాడుకు దగ్గర్లో సముద్రం పక్కన చిన్న ఊరు. నాయన వేటకు పోతాడు. నెల్లూరు పక్కన ఒక కాలేజీలో డిప్లొమాలో చేరినప్పుడు, రోబోటిక్స్ ల్యాబంటే అద్దాల గదిలో తెల్ల కోట్లు వేసుకుని తిరుగుతారనుకున్నాను. తీరా చూస్తే రేకుల కప్పు కింద పొడుగాటి గది, చొక్కా జేబులో స్క్రూడ్రైవర్ పెట్టుకుని బల్ల కింద నేల మీద పాకుతున్న ఒక పెద్దమనిషి. ఆయనే మా సార్. కింద పడ్డ స్క్రూ కోసం వెతుకుతున్నారు. మమ్మల్ని చూసి లేవలేదు కూడా. "వచ్చినారా? మంచిది. మీరూ వెతకండి" అన్నారు. మా మొదటి క్లాసు అదే.

స్క్రూల విషయంలో ఆయనది మహా పట్టుదల. వాటిని ఇడ్లీ ప్లేటులో పెట్టేవారు, ఒక్కో గుంటలో ఒక్కో సైజు. సాయంత్రం ఒక్కటి తగ్గినా తలుపు తీసేవారు కాదు. "అది దొరికేదాకా బస్సు లేదు, ఏమీ లేదు" అనేవారు. బయట డ్రైవరు హారన్ కొడుతుంటే ముప్పైమందిమి మోకాళ్ల మీద కూర్చుని నేల తడిమేవాళ్లం. అప్పుడు లోపల్లోపల తిట్టుకునేదాన్ని. ఇప్పుడు నా ల్యాబులోనూ ఇడ్లీ ప్లేటే ఉంది. మా పిల్లలు నన్ను ఏమని తిట్టుకుంటున్నారో నాకు బాగా తెలుసు.

మా వైపు ఉప్పుగాలికి ఏ ఇనుమూ నిలవదు. సెలవులకు వెళ్లి తిరిగి వచ్చేసరికి కనెక్టర్లు పచ్చగా చిలుము పట్టి ఉండేవి. సార్‌కు కొడవలూరులో కొంచెం వరి పొలం ఉంది. ఇంటి బియ్యం తెచ్చి, గుడ్డ సంచుల్లో మూటలు కట్టి, కిట్లు పెట్టే ప్రతి డబ్బాలో ఒకటి వేసేవారు, తేమ పీల్చడానికి. నెలనెలా మార్చేవారు. ఒక వేసవిలో మర్చిపోయారు. బియ్యానికి పురుగు పట్టింది. గీత వెంట నడవాల్సిన రోబో ఒకటి మధ్యలో ఆగిపోతే, విప్పి చూస్తే సెన్సర్ ముందు ముక్కుపురుగు కూర్చుని ఉంది. మాకు నవ్వాగలేదు. "నా బియ్యం తిని నా బండినే ఆపుతావా" అని దాన్ని కాగితం మీదికి ఎక్కించి కిటికీ అవతల వదిలి వచ్చారు. చంపలేదు. అంత మెత్తని మనిషి. ఈ మెత్తదనం గురించే మళ్లీ చెప్పాల్సి వస్తుంది.

ఆయన ల్యాబులో ఒక చట్టం ఉండేది. కిట్లు తక్కువ, పిల్లలు ఎక్కువ. అందుకని ఎంత గొప్పగా చేసిన రోబో అయినా మార్చి నెలాఖరుకు విప్పేయాలి. మోటార్లు, బోర్డులు, చక్రాలు తిరిగి డబ్బాల్లోకి పోవాలి, తర్వాతి బ్యాచికి. కానీ విప్పేది మాత్రం చేసినవాళ్లే. ఇంకెవరూ చెయ్యి పెట్టకూడదు. "కట్టిన చెయ్యే విప్పాల. ఇంకొకరు విప్పితే అది దొంగతనం" అనేవారు. ఆ రోజు ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తెచ్చేవారు. ఏడాదంతా చేసిన బండిని మేం ఏడుపు ముఖాలతో విప్పుతుంటే, పక్కనే నిలబడి కాయలు వలిచి మా నోటికి అందించేవారు. దొంగతనం అన్న మాట ఆయనదే. నేను కల్పించలేదు.

చివరి ఏడాది నేనొక పడవ చేశాను. మా చుట్టుపక్కల రొయ్యల గుంటల్లో మనిషి తెప్ప మీద తిరుగుతూ మేత చల్లుతాడు. ఎండలో, వానలో, రోజుకు నాలుగుసార్లు. ఆ పని చేసే చిన్న రోబో పడవ. తనంతట తాను గుంట అంతా తిరిగి మేత చల్లాలి. మోటార్లు, బోర్డు, ప్రోగ్రామ్ అన్నీ కుదిరాయి గానీ కాస్త గాలి వీస్తే చాలు, ఒక పక్కకు ఒరిగి బోర్లా పడేది. సార్ లెక్కలు వేశారు, బరువులు మార్చారు. కుదరలేదు. నేను ఇంటికెళ్లి నాయన వల నుంచి నాలుగు బెండ్లు తెచ్చాను. వల మునిగిపోకుండా పైన కడతారే, ఆ తేలే ముక్కలు. అటు రెండు, ఇటు రెండు ఎర్ర నైలాను దారంతో కట్టాను. పడవ ఇక ఒరగలేదు.

ఆ ముడి మా నాయన ముడి. అలలు ఎంత గుంజినా జారదు. నాయన మూడు చుట్లు వేసి బిగిస్తాడు. నేను నాలుగు వేస్తాను. చిన్నప్పుడు నా చేతుల్లో బలం చాలక ముడి జారుతుందేమోనని భయపడి ఇంకో చుట్టు వేసేదాన్ని. అదే అలవాటైపోయింది. "దాని పిచ్చి చుట్టు" అని నాయన ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. బెండ్లు కట్టిన మధ్యాహ్నం సార్ అన్నం క్యారియర్ పక్కన పెట్టేసి నా ముందు స్టూలు వేసుకుని కూర్చున్నారు. "ఇంకొకసారి కట్టమ్మా, నిదానంగా" అన్నారు. ఎనిమిదిసార్లు కట్టించుకుని నేర్చుకున్నారు. సార్ నా దగ్గర నేర్చుకుంటున్నారని నాకు గాల్లో తేలినట్టుంది. ఆ పడవను విజయవాడలో పోటీకి పంపుదామని, నువ్వే రావాలని ఆయనే అన్నారు. నేను ఇంట్లో అందరికీ చెప్పేశాను.

పోటీకి ముందు నాకు ఆటలమ్మ పోసింది. వేపాకు మీద పడుకోబెట్టారు. గడప దాటేది లేదు. అప్పుడు సార్ ఫోన్ చేశారు. "పోటీ సంగతి ఇంక మర్చిపోమ్మా. తడికి బోర్డు పోయింది. పడవ విప్పేసినాను. నువ్వు ఒళ్లు జాగ్రత్తగా చూసుకో" అన్నారు. పోటీ పోయిందని కాదు, నేను లేకుండా విప్పేశారే అని ఏడ్చాను. మళ్లీ నేనే సర్దుకున్నాను. నేను మంచాన పడ్డాను కదా, ఆయన మాత్రం ఏం చేస్తారులే అనుకున్నాను.

కొన్నాళ్లకు నాయన టీకొట్టు నుంచి పేపరు మడిచి పట్టుకొచ్చాడు. జిల్లా పేజీలో పెద్ద ఫోటో. మా కాలేజీ యజమాని బంధువుల అబ్బాయి కప్పు పట్టుకుని నవ్వుతున్నాడు. వాడు మా ల్యాబులో అడుగుపెట్టింది నేనెప్పుడూ చూడలేదు. ముందు బల్ల మీద నీలం రంగు వేసిన పడవ. వెనక వరసలో, సగం ముఖం కనబడేలా మా సార్.

నాయనకు చదువు రాదు. గోటితో ఆ పడవ పక్కన ఎర్ర దారం చూపించాడు.

"ఇది ఎవురు కట్టినారు?"

"కాలేజీ వాళ్లు నాయనా. నాది విప్పేసినారంట."

"విప్పింది యాడ? ఇది నువ్వు కట్టిందే. నీ పిచ్చి చుట్టు చూడు, ఎట్టుండాదో అట్నే ఉండాది."

లెక్కపెట్టాను. నాలుగు.

ఒంటి మీద మచ్చలు మానకముందే కాలేజీకి పోయాను. సార్ సోల్డరింగ్ చేస్తున్నారు. పేపరు ఆయన ముందు పెట్టాను. తల ఎత్తలేదు. ఆ పొగ వంకే చూస్తూ "పార్టులు కాలేజీవమ్మా" అన్నారు.

"బెండ్లు మా నాయనవి సార్" అన్నాను.

ఆయన జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి, చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నారు. నేను బయటికి వచ్చేశాను. మిగిలిన నెలలు పరీక్షలకు తప్ప ఆ గదిలోకి వెళ్లలేదు. ఆ ఏడు వేరుశనక్కాయలు తినలేదు.

ఆయన కాంట్రాక్టు ఉద్యోగి అని, ఏటా జూన్‌లో కొనసాగిస్తారో లేదోనని దిగులు పడేవారని నాకు తెలియదా? తెలుసు. నాదీ ఇప్పుడు అదే బతుకు. పిల్లలకు నేర్పేది రోజుకు నాలుగు గంటలైతే, మిగతాదంతా బ్యాటరీలు చూసుకోవడం, విరిగిన చక్రాలు అతికించడం, తనిఖీకి వచ్చినవాళ్ల ముందు నిలబడటం. పోయినేడు మా స్కూల్లోనూ పై నుంచి ఒక మాట వచ్చింది. ఒక పాప చేసిన రోబోటిక్ చెయ్యి మీద ఇంకో పెద్దింటి పిల్లవాడి పేరు కూడా వేయమన్నారు. కుదరదండీ అన్నాను. నెలంతా యాజమాన్యం వాళ్లు నాతో ముభావంగా ఉన్నారు, అంతే. ఆ రోజు ఇంటికి వచ్చి సార్ మీద మళ్లీ మొదటినుంచీ కోపం తెచ్చుకున్నాను. కుదరదని ఒక్క మాట అని చూడకూడదా? నా ఉద్యోగం నిలిచింది, ఆయనది ఊడేదేమో, నాకు తెలియదు. కానీ నాతో అబద్ధం చెప్పమని ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు. ఆ ఫోన్ కాల్ ఆయన సొంతం.

తర్వాత ఒక్కసారే కనబడ్డారు, జిల్లా సైన్స్ ప్రదర్శనలో. జుట్టు మొత్తం నెరిసింది. నేరుగా మా స్కూలు బల్ల దగ్గరికి వచ్చి, మా పిల్లల బండి ఎత్తి, వదులైన స్క్రూ ఒకటి తన స్క్రూడ్రైవర్‌తో బిగించారు. ఆయన నోటినుంచి నాకు కావాల్సింది ఒక్కటే మాట: అది నువ్వు చేసిందమ్మా. క్షమించమని కూడా అడగక్కర్లేదు. ఆయన గొంతు సవరించుకున్నారు.

"డబ్బాల్లో బియ్యం మారుస్తా ఉండావా?" అన్నారు.

"మారుస్తున్నాను సార్."

"మంచిది" అని తల ఊపి వెళ్లిపోయారు. ఇంకెప్పుడైనా చెబుతారులే అనుకున్నాను. మనుషులు ఉంటారనే కదా మనం అలా అనుకునేది.

అంత్యక్రియలకు నేను పోలేదు. ఆ మధ్యాహ్నం ఎనిమిదో తరగతికి గేర్ల పాఠం చెప్పాను. సంతాప సభకు మాత్రం రమ్మని కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. ఆయన దగ్గర చదివి అదే పనిలో ఉన్నదాన్ని నేనొక్కదాన్నేనట, రెండు మాటలు చెప్పాలట. ఏ రెండు మాటలో తేల్చుకోకుండానే వెళ్లాను.

సభ ల్యాబులోనే పెట్టారు. కుర్చీలు సర్దుతున్నారు. సార్ ఫోటోకు మల్లెల దండ, దాని ముందు ఆ పాత ఇడ్లీ ప్లేటు ఎవరు పెట్టారో గానీ పెట్టారు, స్క్రూలతో సహా. గది చివర ఒక అమ్మాయి ఇవేవీ పట్టనట్టు కూర్చుని పని చేసుకుంటోంది. దగ్గరికి వెళ్లి చూశాను. చిన్న పడవ. పక్కన బెండ్లు. చేతిలో నైలాను దారం.

"ఏం చేస్తున్నావమ్మా?"

"మేత చల్లే పడవ మేడం. సార్ ప్రతి బ్యాచి చేతా ఇదొకటి చేయిస్తారు. ఈ నెలాఖరుకు విప్పేయాలి, అందుకని తొందరగా పూర్తి చేస్తా ఉండా."

"ఆ ముడి ఎవరు నేర్పారు?"

"సారే. దీన్ని మేము సార్ ముడి అంటాం. ఎంత గుంజినా రాదు, చూడండి."

సార్ ముడి. మా తాతల నాటినుంచి మా ఇంట్లో కడుతున్న ముడి. ఆ అమ్మాయి చేతులు చూస్తూ నిలబడ్డాను. ఒకటి. రెండు. మూడు. ఇక బిగిస్తుందనుకున్నాను. బిగించలేదు. ఇంకో చుట్టు తిప్పింది.

"ఆ చివరి చుట్టు ఎందుకు?" అని అడిగాను.

"ఏమో మేడం. మూడు చాలు గదా సార్ అని మేమూ అడిగినాం. చాలు గానీ నాలుగు వేయండి, అది అట్నే ఉండాలన్నారు. ఎవరో ఒక పాప కట్టిందంట, మొదట్లో."

"పేరు చెప్పారా?"

"లేదు మేడం. పేరు చెప్పలేదు."

చిన్నప్పటి నా భయాన్ని కూడా ఒక్క చుట్టు తగ్గకుండా ఇన్ని బ్యాచిలకు నేర్పిన మనిషి, నా పేరొక్కటి వదిలేశారు.

వెనక మైకు సరిచేస్తున్నారు. ఎవరో నన్ను ముందుకు పిలుస్తున్నారు. నేను ఆ అమ్మాయి పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"ఇది మా నాయన ముడి. ఆయన మూడే వేస్తాడు. ఆ నాలుగోది నాది" అన్నాను.

ఆ అమ్మాయి నా ముఖంలోకి, ఫోటో వైపు, మళ్లీ నా ముఖంలోకి చూసింది. "అయితే ఆ మొదటి పడవ చేసింది మీరా మేడం?"

ఇన్నేళ్లలో నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు. "నేనే" అన్నాను.

ఆ అమ్మాయి రెండో బెండు తీసి, దారం కొస నా చేతికిచ్చి పట్టుకోమంది. మూడు చుట్లు వేసి ఆగి, నా వైపు చూసింది. నేను తల ఊపాను. నాలుగోది వేసింది.