బొగ్గి లాగ్‌షీట్

బసవయ్య గారు ముప్పై నాలుగేళ్లు ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ కంట్రోల్ రూములో పనిచేసి రిటైరయ్యారు. రిటైరయ్యింది ఆయనే, ఆయన అలవాట్లు కాదు. గుణదల ఇంట్లో ఇప్పటికీ డాబా మీద ట్యాంకు నిండితే "లెవెల్ నార్మల్" అంటారు. కుక్కర్ మూడో కూత కూసిందంటే వంటింటి గుమ్మంలో నిలబడి "రాజ్యం, ప్రెషర్ చూసుకో" అని భార్యను హెచ్చరిస్తారు.

ప్లాంటు నుంచి ఆయన ఇంటికి తెచ్చుకున్నవి రెండే. ఒకటి, గంటగంటకీ లాగ్‌షీట్ రాసే అలవాటు. రెండోది బొగ్గి. పద్నాలుగేళ్ల కిందట బొగ్గు యార్డు గోడ పక్కన వానలో వణుకుతూ దొరికిన కుక్కపిల్ల. నల్లగా నిగనిగలాడుతోందని ఆ పేరు పెట్టారు. ఇప్పుడు మూతి చుట్టూ తెల్లబడింది. చెవులు వినపడవు. కళ్లకు పొర కమ్మింది. వెనక కాళ్లు చెప్పిన మాట వినడం మానేశాయి.

అందుకే ఆ ఇంట్లో అంతా బొగ్గి రాజ్యమే. గ్రానైట్ మీద కాళ్లు జారతాయని వీధి గుమ్మం నుంచి పెరటి దాకా పాత దుప్పట్లు పరిచారు. కుర్చీ జానెడు జరిపితే బసవయ్య గారు ఊరుకోరు, చూపులేనిది దారి మరిచిపోతుందని. దాన్ని పిలవాలంటే కాలితో నేల తట్టాలి. కాలకృత్యాలకి పెరట్లోకి వెళ్లాలంటే పొట్ట కింద తువ్వాలు వేసి రెండు కొసలూ ఎత్తి పట్టుకోవాలి. ముందు కాళ్లు బొగ్గి నడుస్తుంది, వెనక కాళ్లు బసవయ్య గారు నడుస్తారు.

బుధవారం నాడు పశువుల డాక్టర్ కృప గారు ఇంటికొచ్చి, బరువు తూచి చూశారు.

"కిడ్నీలు మందగించాయండీ. ఉప్పు తగలకూడదు. మెత్తటి అన్నంలో ఉడకబెట్టిన గుమ్మడికాయ కలిపి పెట్టండి. సోమవారం దాకా ఏమీ తినకపోతే తీసుకొచ్చేయండి, సెలైన్ పెడదాం. ఈ వయసులో ఎంత తట్టుకుంటుందో మాత్రం చెప్పలేను."

ఆ ఆఖరి మాట బసవయ్య గారి గుండెలో ముల్లులా దిగబడిపోయింది. ఆ సాయంత్రమే ఫ్రిజ్ తలుపుకి లాగ్‌షీట్ అంటించారు. టైము, తిండి, నీళ్లు, పెరడు, సంతకం. ఇంట్లో ఉండి డిగ్రీ చదువుతున్న మనవరాలు అక్షయకి సాయంత్రం షిఫ్టు, రాజ్యలక్ష్మికి మధ్యాహ్నం, పొద్దున ఆయనకి.

బొగ్గి గుమ్మడికాయ అన్నం వాసన చూసి మొహం తిప్పేసుకుంది.

"నాకే సహించట్లేదు, పాపం దానికేం సహిస్తుంది" అంది రాజ్యలక్ష్మి.

గురువారం తిండి గడిలో నిల్. శుక్రవారం నిల్. శనివారం కూడా నిల్, కింద మూడు సంతకాలు. బసవయ్య గారికి అన్నం దిగడం మానేసింది. నేల మీద కూర్చుని బొగ్గి వీపు నిమురుతూ, "ఒక్క ముద్దే తల్లీ, నా మాట విను" అని బతిమాలేవారు. ఆ వినపడని చెవులు ఒకసారి కదిలేవి, అంతే.

ఆదివారం పొద్దున బొగ్గిని ఎత్తుకుని కాటా ఎక్కారు. అక్షయ అంకె చదివింది. అందులోంచి ఆయన బరువు తీసేసి చూసుకుంటే, బుధవారం కన్నా బొగ్గి మూడు వందల గ్రాములు పెరిగింది.

ఆయన లాగ్‌షీట్ దగ్గరికి వెళ్లి పెరడు గడి చూశారు. మూడు రోజులూ నార్మల్.

"బొగ్గు వెయ్యకుండా బాయిలర్ మండుతుందా?" అన్నారు.

"కాటా చెడిపోయిందేమోనండీ" అంది రాజ్యలక్ష్మి, కూర కలుపుతూ.

"గాలి తిని బతుకుతోందేమో తాతయ్యా, మునీశ్వరుల్లాగా" అంది అక్షయ, ఫోన్లోంచి తలెత్తకుండా.

బసవయ్య గారు చెప్పులేసుకున్నారు. రైతుబజారుకి వెళ్లొస్తానని సంచి పట్టుకుని బయటికి నడిచారు. నాలుగడుగులు వేసి, సందు చుట్టి వచ్చి, పెరట్లోంచి డాబా మెట్లెక్కి కూర్చున్నారు. లీకేజీ ఎక్కడుందో తేల్చాలంటే కదలకుండా కూర్చోవాలి.

పెరట్లో ప్రహరీ పక్కన పడుకున్న బొగ్గి దగ్గరికి ముందు రాజ్యలక్ష్మి వచ్చింది, చేతిలో పెరుగన్నం గిన్నె. "తినవే అమ్మా, ఆయనొచ్చేలోపు." నాలుగు ముద్దలూ బొగ్గి నేతి లడ్డూల్లా మింగేసింది. ఆవిడ అటు వెళ్లగానే అక్షయ వచ్చింది. ఉడికిన గుడ్డు, తెల్లసొన మటుకు చిదిపి పెట్టింది. ఆ పిల్ల లోపలికి వెళ్లిందో లేదో, పక్కింటి సంపూర్ణమ్మ ప్రహరీ మీదుగా చెయ్యి చాపి తాటాకు విసనకర్రతో గోడ మీద టక్ టక్ మని తట్టింది. ఆ అదురు తెలిసిన బొగ్గి ముక్కు ఎత్తింది. ఉడకబెట్టిన కోడి ముక్కలు ఒక్కొక్కటే రాలాయి.

"సంపూర్ణమ్మ గారూ" అన్నారు మెట్ల మీంచి బసవయ్య గారు.

విసనకర్ర కింద పడిపోయింది. "అయ్యో అన్నయ్య గారూ, ఉప్పు వెయ్యలేదండీ. ప్రభువు సాక్షి."

ఆ మాటకి ఇంట్లోంచి ఇద్దరూ పరుగెత్తుకొచ్చారు.

"పెరుగన్నంలో నేనూ వెయ్యలేదు" అంది రాజ్యలక్ష్మి గబగబా.

"అంటే అమ్మమ్మా, నువ్వూనా?" అంది అక్షయ.

"నువ్వు కూడానా?"

"మూడు రోజులు నన్ను పస్తు పెట్టి, దాన్ని మేపారన్నమాట" అన్నారు బసవయ్య గారు మెట్లు దిగుతూ. "మరి ఆ నిల్ ఏంటి? ఆ సంతకాలేంటి?"

"గుమ్మడికాయకే కదా తాతయ్యా నిల్. అది నిజంగానే తినలేదు."

ఆయన గొంతు పెంచబోయారు. ఆయన అడుగుల అదురు నేలలో బొగ్గికి అంది ఉంటుంది. ముందు కాళ్లు ఊని, ఒళ్లంతా వణుకుతూ, తువ్వాలు లేకుండా, ఎవరి చెయ్యీ లేకుండా నాలుగు కాళ్ల మీద లేచి నిలబడింది. ఒకటి, రెండు, మూడు... ఆరడుగులు వేసి, తిన్నగా బసవయ్య గారి దగ్గరికొచ్చి, ఆయన లాల్చీ పక్క జేబులో మూతి దూర్చింది.

"తాతయ్యా, జేబులో ఏంటి?" అంది అక్షయ.

బసవయ్య గారు పక్కకి చూశారు.

"ఏవండీ."

జేబులోంచి విస్తరాకు పొట్లం బయటికొచ్చింది. అందులో పొద్దున మిగిలిన బడ్డీకొట్టు ఇడ్లీ, చట్నీ లేకుండా.

"పొద్దున తువ్వాలు నడకప్పుడు ఒక్కటే" అన్నారు నెమ్మదిగా. "ఏదో నాలిక తడవడానికి. అది కూడా ఒక తిండేనా అని రాయలేదు."

సంపూర్ణమ్మ గోడ పట్టుకుని నవ్వడం మొదలెట్టింది. ఆ తరవాత ఎవరూ ఆగలేదు.

ఫోన్లో సంగతంతా విని కృప గారు కూడా చాలాసేపు నవ్వారు. "రేపు సెలైన్ అవసరం లేదండీ, ఒకసారి చూపించండి చాలు. గుమ్మడికాయ వదిలేయండి. కానీ ఎవరు ఎంత పెడుతున్నారో నాకు తెలియాలి, నలుగురూ కలిపి పెడితే కడుపు పగులుతుంది."

ఆ సాయంత్రం ఫ్రిజ్ మీద కొత్త లాగ్‌షీట్ పడింది. ఒక గడి ఎక్కువ ఉంది: ఎవరి చేత్తో. నాలుగో షిఫ్టు కింద సంపూర్ణమ్మ పేరు రాశారు. మొదటి వరసలో, ఆ పొద్దున రాయకుండా దాచింది, బసవయ్య గారి గుండ్రటి అక్షరాల్లో:

"ఉదయం ఆరు. ఇడ్లీ ఒకటి. బసవయ్య చేత్తో. ఆ తరవాత ఆరడుగులు, సొంతంగా."