కడుపులో ఉండగా విన్న చప్పుడు

ఆ ఎండాకాలం చర్ల నుంచి భద్రాచలం వస్తుంటే దారిలో మా బస్సు టైరు పేలింది. ముందు సీట్లో ఉన్న గర్భిణి చెవులు మూసుకుని ముడుచుకుపోయింది. ఆమె వణుకు చాలాసేపటి వరకూ తగ్గలేదు. అందరం కిందికి దిగాక, వెంట ఉన్న ఆమె తల్లి ఆమెను నీడన కూర్చోబెట్టి నాతో అంది.

"ఈమె నా కడుపుల ఉన్నప్పుడు మా ఊరి కాడ కాల్పులైనయ్ సారూ. ఉరికిపోయి అడవిల దాక్కున్న. పుట్టినకాడికెల్లి గిట్లనే అదురుతది."

నేను ఖమ్మంలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తానని తెలిసి ఆమె మళ్లీ అడిగింది. "మరి దీని బిడ్డకు గూడ ఈ భయం వస్తదా?"

తల్లిదండ్రులు పడ్డ కష్టాలు జన్యువుల్లోకి ఎక్కవని ఏళ్లుగా పాఠం చెప్తున్నాను. జన్యువు మారకపోయినా అది పనిచేసే తీరును అనుభవాలు మార్చగలవనీ, ఆ మార్పు తర్వాతి తరానికీ చేరవచ్చేమోననీ ఈమధ్య చదువుతున్నాను. మనుషుల్లో అదెంత నిజమో ఇంకా వాదన నడుస్తూనే ఉంది. పైగా ఈ అమ్మాయి తల్లిని చూసే భయపడటం నేర్చుకుందేమో.

"రాదమ్మా" అనబోయి, "ఖాయంగా చెప్పలేనమ్మా" అన్నాను.

కూతురు తలెత్తింది. "అంత భయంల గూడ మా అమ్మ నన్ను కాపాడుకున్నది గద సార్. భయమొక్కటే వస్తదా, ఆ ధైర్యం గూడ వస్తదా?"

ఆ ప్రశ్ననే మనసులో తిప్పుకుంటూ నిలబడ్డాను.

వెనక నుంచి ఇంకో బస్సు వచ్చింది. తల్లీకూతుళ్లు ఎక్కి వెళ్లిపోయారు. నేనూ ఎక్కాల్సిన బస్సే అది. అది మలుపు తిరిగాక గానీ నాకా సంగతి తట్టలేదు.