పంతులుగారి అతకని చిప్పలు

2009 మార్చి. మిషిగన్‌లో పగలు మంచు కరిగి, రాత్రికి మళ్లీ గడ్డకట్టే రోజులు. అప్పుడు మాలాంటి ఎముకల డాక్టర్లకు చేతినిండా పనే. ట్రాయ్‌లోని మా క్లినిక్‌కి ఒక ఉదయం శర్మగారు కుంటుతూ వచ్చారు. చుట్టుపక్కల తెలుగువాళ్ల పెళ్లిళ్లన్నీ ఆయన చేతుల మీదుగానే జరిగేవి. కుడికాలు వంగకుండా తొడ నుంచి కిందిదాకా బ్రేస్ బిగించి ఉంది. ఆయన్ను కారులో తీసుకొచ్చిన అమ్మాయి శ్రావ్య. ఆ శనివారమే ఆమె పెళ్లి.

గుడి పార్కింగ్‌లో జారి మోకాలి మీద పడ్డారట. అర్జెంట్ కేర్‌లో ఎక్స్‌రే తీసి పటెల్లా, అంటే మోకాలి చిప్ప, విరిగిందన్నారు. ఆరు వారాలు కాలు మడవకూడదన్నారు. బాసింపట్టు వేసుకుని హోమం ముందు గంటల తరబడి కూర్చునే మనిషికి అంతకంటే పెద్ద శిక్ష ఏముంటుంది? పైగా శ్రావ్యకు నామకరణం చేసింది కూడా ఆయనే.

"పంతులు అంకుల్ లేకపోతే వెడ్డింగ్ పోస్ట్‌పోన్ చేస్తాను ఆంటీ," అంది శ్రావ్య.

"ముహూర్తం పోస్ట్‌పోన్ చేయడానికి అదేమన్నా ఆఫీసు మీటింగా తల్లీ?" అన్నారాయన. నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు.

ఎక్స్‌రే చూశాను. చిప్ప పైభాగంలో, బయటివైపు మూలలో ఒక గీత. దాని అవతల చిన్న ముక్క. గీత కనబడగానే విరిగిందనేస్తే నాకు ఒళ్లు మంట. విరిగిన ఎముక అంచు పదునుగా ఉంటుంది. ఇదేమో నున్నగా, గుండ్రంగా ఉంది. ఆ మూల మీద వేలుతో నొక్కాను.

"ఇక్కడ నొప్పా?"

"లేదమ్మా."

కింద, కమిలిన చోట ముట్టుకుంటే మాత్రం "రామ రామ" అన్నారు.

"ఎడమ మోకాలికి కూడా ఎక్స్‌రే తీద్దాం."

"దానికేం దెబ్బ తగల్లేదు కదమ్మా, దాని జోలికెందుకు?"

"తగల్లేదనే."

ఎడమ చిప్పలోనూ అదే మూల, అదే గీత. నాకు పట్టలేనంత సంతోషం వేసింది.

దీన్ని బైపార్టైట్ పటెల్లా అంటాం, రెండు ముక్కల చిప్ప అన్నమాట. చిన్నతనంలో మెత్తగా ఉండే చిప్ప క్రమంగా ఎముకగా మారుతుంది. కొందరిలో ఒక మూల మిగతాదానితో అతక్కుండా ఉండిపోతుంది. మధ్యలో మృదులాస్థి పట్టి ఉంచుతుంది కాబట్టి మోకాలు మామూలుగానే వంగుతుంది. కొద్దిమందికి అక్కడ నొప్పి వస్తుంది గానీ, చాలామందికి అలాంటిదొకటి ఉన్నట్టే తెలియదు.

"చిప్ప విరగలేదు పంతులుగారూ. చిన్నప్పుడే అతకలేదు, అంతే. మీకు తగిలింది ఉత్త కమిలిన దెబ్బ."

ఆయన రెండు ఎక్స్‌రేలనూ మార్చి మార్చి చూశారు. తర్వాత కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు.

"ఊళ్లోవాళ్ల జంటలన్నీ నేను కలుపుతున్నానా, నా మోకాళ్లలోనే రెండు జంటలు కలవలేదన్నమాట."

"కలవకపోయినా కాపురం బాగానే చేస్తున్నాయి," అన్నాను.

శ్రావ్య అక్కడికక్కడే వాళ్లమ్మకి ఫోన్ చేసింది. నేను బ్రేస్ విప్పేశాను. శనివారం పెళ్లిలో ఆయన కాలు కింద మెత్త పెట్టుకుని, దర్జాగా మఠం వేసుకుని మంత్రాలు చదివారు. తలంబ్రాల వేళ నా మీద కూడా గుప్పెడు అక్షింతలు చల్లారు.

అప్పటి నుంచి అనుమానంగా ఉన్న గీత ఏది కనిపించినా రెండో కాలిని కూడా చూస్తాను. నొప్పి ఉన్న కాలి సంగతి ఒక్కోసారి నొప్పి లేని కాలే చెబుతుంది.