హాజరు చాలని ఏడాది

ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో నన్ను డిటెయిన్ చేశారు. హాజరు చాలక పరీక్షలు రాయనివ్వలేదు. మరుసటేడు జూనియర్లతో కలిసి ఆ సెమిస్టరే మళ్ళీ చదవాలన్నమాట. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి.

మాది ముదినేపల్లి దాటి కొల్లేటి వైపు ఉన్న చిన్న ఊరు. నాన్నది వరి వ్యవసాయం. కాలేజీ తాడేపల్లిగూడెంలో. ఏలూరులో మా పిన్ని ఇంట్లో ఉండి, రోజూ పొద్దున్నే ప్యాసింజరు ఎక్కి వెళ్ళొచ్చేవాణ్ణి. పిన్నికి పిల్లలు లేరు. నన్ను ఎవరైనా అడిగితే మా అబ్బాయి అనే చెప్పేది.

ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివినవాణ్ణి. ఇంగ్లీషు పాఠాలు మొదటి ఏడాది ఎలాగో బట్టీపట్టి నెట్టుకొచ్చినా, నాలుగు పేపర్లు పోయాయి. రెండో ఏడాది ఒకరోజు మాస్టారు బోర్డు దగ్గరికి పిలిచి లెక్క చెయ్యమన్నారు. సుద్దముక్క పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఆయన తిట్టలేదు. "పోయి కూర్చో" అన్నారంతే. మర్నాడు గూడెం స్టేషనులో దిగి కాలేజీ బస్సు ఎక్కకుండా మార్కెట్ యార్డు వైపు నడిచాను. ఉల్లిపాయల బస్తాలు దించే షెడ్డులో ఒక మూల కూర్చుని సాయంత్రం బండికి తిరిగొచ్చాను. ఒక్కరోజే అనుకున్నాను. వారంలో మూడు రోజులు అదే పనైంది. తరవాత నెలన్నరపాటు అసలు కాలేజీకే వెళ్ళలేదు.

"చొక్కా ఉల్లి కంపు కొడుతోందేంటిరా?" అని పిన్ని ఒకసారి అడిగింది. బండిలో పక్కన ఎవరో బస్తాతో కూర్చున్నారన్నాను. ఆ తరవాత రోజూ ఏదో ఒకటి చెప్పాల్సి వచ్చేది. ఏ రోజు ఏం చెప్పానో గుర్తుపెట్టుకోవడమే పెద్ద చదువైపోయింది.

కార్తీకమాసంలో నా హాజరు చాలలేదని కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. గార్డియన్‌గా పిన్ని పేరే ఇచ్చాం కనుక ఆవిడే విప్పింది. నా ముందు పెట్టి, "ఇది నిజమేనా?" అంది. తల ఊపాను. అప్పటికి వారం రోజులుగా తుఫాను వానలు. కోతకొచ్చిన మా చేను పడిపోయి నీళ్ళలో ఉంది. పిన్ని ఉత్తరం తీసి దాచి, "మీ నాన్నకి ఇప్పుడు చెప్పకు. అసలే చేను పోయి ఉన్నాడు," అంది.

హాజరు కొద్దిగా తగ్గినవాళ్ళు జబ్బు చేసిందని డాక్టరు కాగితంతో అప్పీలు పెట్టుకుంటే మన్నించేవారు. నా శాతం సరిగ్గా ఆ అంచున ఉంది. పిన్ని తెలిసిన డాక్టరు గారిని బతిమాలి, నాకు కామెర్లు వచ్చినట్టు సర్టిఫికెట్ రాయించుకొచ్చింది. అప్పీలు తనే రాసింది. నేను వద్దనలేదు. సంతకం పెట్టాను.

ప్రిన్సిపాల్ గారి గదిలో ముగ్గురు కూర్చున్నారు. పిన్ని ఇస్త్రీ చీర కట్టుకుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చుంది.

"నెలన్నర మంచం మీదే ఉన్నాడండీ," అంది. "పథ్యం నేనే పెట్టానండీ."

నడుమ కూర్చున్న ప్రిన్సిపాల్ గారు కాగితం చదివి నా వైపు చూశారు. "ఇప్పుడెలా ఉందయ్యా? క్లాసులకి రాగలవా?"

ఆయన అడిగిందల్లా అంతే. రాగలనండీ అంటే సరిపోయేది. కానీ ఇంకొక్క అబద్ధం మొయ్యడానికి నాలో ఓపిక లేదు.

"నాకు కామెర్లు రాలేదండీ," అన్నాను. "పాఠాలు అర్థంకాక మానేశానండీ."

పిన్ని నా వైపు తిరగలేదు. సంచీ మీద చేతులు అలాగే ఉన్నాయి. ప్రిన్సిపాల్ గారు సర్టిఫికెట్ మడిచి ఆవిడ చేతికే ఇచ్చేశారు. "నిజం చెప్పావు, మంచిదే. కానీ దానికి హాజరు పెరగదు కదయ్యా. వచ్చే ఏడాది రా," అన్నారు. "అమ్మా, మీరు వెళ్ళండి."

ఏలూరు దాకా పిన్ని ఆడవాళ్ళ పెట్టెలో కూర్చుని వచ్చింది. ఇంటికొచ్చి అన్నం వడ్డించింది. మర్నాడు బట్టలు సర్దుకుని మా ఊరు వెళ్ళిపోయాను.

నాన్న మోకాటి లోతు నీళ్ళలో పడిపోయిన వరి కోసి, పనలు గట్టు మీదికి వేస్తున్నాడు. నేనూ దిగి, వేస్తూనే అంతా చెప్పాను. ఆయన చివరిదాకా విని, "మళ్ళీ వెళతావా, మానేస్తావా?" అన్నాడు.

"వెళతాను నాన్నా."

"అయితే వెళ్ళు. అర్థంకానిది ఎవరినైనా అడుగు. అడక్కుండా కూర్చుంటే నేనేం చెయ్యను?"

మరుసటేడు గూడెంలోనే గది తీసుకున్నాను. నాకంటే ఏడాది చిన్నవాళ్ళ పక్కన కూర్చుని, అర్థంకానివి వాళ్ళనే అడిగాను. మొదట్లో సిగ్గేసేది. తరవాత సిగ్గుపడే ఓపికా పోయింది. నాలుగేళ్ళ చదువు అయిదేళ్ళకి అయింది. మార్కులు అంతంతమాత్రం.

పట్టా చూపించడానికి ఏలూరు వెళ్ళాను. పిన్ని తడి చెయ్యి తుడుచుకుని దాన్ని పట్టుకుంది, పేరు చదివింది, భోజనం పెట్టింది. ఇంటి సంగతులన్నీ మాట్లాడింది. వెళ్ళొస్తానని లేచినప్పుడు గుమ్మం దగ్గర ఆగింది.

"ఆ రోజు నిజం చెప్పినందుకు కాదురా నా బాధ. ముందురోజు నాతో ఒక్కమాట అనుంటే నేను ఆ కాలేజీ మెట్లే ఎక్కేదాన్ని కాదు."

"అవును పిన్నీ," అన్నాను. ఆవిడ తల ఊపి, ఎండెక్కకముందే బయల్దేరమంది.