నూట పదహారు పేర్ల కుక్క

తొంభైల మధ్యలో నాన్న కొండపల్లి నుంచి ఒక కుక్కపిల్లను తెచ్చారు. ఆడది. అక్కడి థర్మల్ క్వార్టర్స్‌లో ఆయన స్నేహితుడి ఇంట్లో ఐదు పుడితే, నాలుగు మగవాటిని జనం అడిగి మరీ పట్టుకెళ్లారట. మిగిలింది ఇది. అమ్మ దాని నుదురు నిమిరి, "మీలోనూ ఇంతేనా" అంది.

భవానీపురంలో మా నాన్న హైస్కూలు తెలుగు మాస్టారు. ఆయన దృష్టిలో టామీలూ జిమ్మీలూ పేర్లే కావు. "పేరంటే అర్థం ఉండాలి" అని రెండొందల పేజీల నోటుబుక్కు తీసి, స్కేలుతో గీతలు కొట్టి, మూడు గడులు చేశారు: పురాణం, పరభాష, నవల. నూట పదహారు పేర్లు రాస్తే గానీ ఎంపిక మొదలుపెట్టనన్నారు. శుభమట.

పురాణంలో ఆయన ఇష్టపడ్డ ప్రతి అప్సరసా మా బంధువుల్లో ఎవరికో మేనత్తగా తేలింది. ఛాయ అంటే నీడ, సూర్యుడి రెండో భార్య. రోజూ అర్ఘ్యం ఇచ్చే దేవుడి పెళ్లాన్ని "ఛీ, అవతలికి పో" అనలేనని నానమ్మ మొండికేసింది. పరభాష కోసం ఎదురింటి సాయిబుగారిని పట్టుకున్నారు. ఆయనకు వన్‌టౌన్‌లో బట్టల కొట్టు. "గుల్నార్ అంటే దానిమ్మ పువ్వు మాస్టారూ, మెహతాబ్ అంటే చంద్రుడండీ" అని ఓపిగ్గా చెప్పి, చివర్లో మెల్లగా, "కాకపోతే ఒకటి మా అమ్మగారి పేరు, రెండోది మా మేనకోడలిది" అన్నారు. నాన్న చప్పున రెండూ కొట్టేసి ఆయనకు కాఫీ ఇప్పించారు. రష్యన్ అనువాదాల్లోంచి ల్యుద్మీలా దొరికింది, జనానికి ప్రియమైనది అని అర్థం. నానమ్మకు నోరు తిరగలేదు. ఇక వారపత్రికల సీరియళ్ల నాయికలందరివీ కలలూ వెన్నెలలే. వారం వారం ఏడ్చేవాళ్లు ఇంటి కాపలాకి పనికిరారని వాళ్లను నాన్నే తోసేశారు.

నెల తర్వాత "సరమ" ఖాయమైంది. వేదాల్లో ఇంద్రుడి ఆడకుక్క, దొంగలెత్తుకెళ్లిన ఆవుల జాడ పట్టింది. వేగంగా పరిగెత్తేది అని అర్థం. నాన్న గుమ్మంలో నిలబడి గంభీరంగా "సరమా!" అన్నారు. కుక్క చెవి గోక్కుంది.

ఈ నెల రోజుల్లో అది తన పేరు తానే పెట్టేసుకుంది మరి. నాన్న పొద్దస్తమానం "ఏమేవ్!" అని కేకేసేవారు, కాఫీకి, తువ్వాలుకి, ముక్కు మీదున్న కళ్లజోడుకి. కేక వినగానే అమ్మ చేతిలో ఏదో ఒకటి పట్టుకుని వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చేది, దారిలో కుక్కకింత పడేసేది. దాంతో ఏమేవ్ అంటే తననేనని కుక్క తేల్చుకుంది. నాన్న పిలిస్తే ఇద్దరూ హాజరు. కుక్క ముందు, అమ్మ వెనక. మేం పడీపడీ నవ్వేవాళ్లం.

అమ్మ నవ్వలేదు. ఒకరోజు ఆ నోటుబుక్కు తెచ్చి నాన్న ముందు తెరిచింది.

"ముప్పై నాలుగో నంబరు చూశారా?"

"చూశాను. మంచి పేరు. అర్థం కూడా రాశానుగా."

"అది నా పేరండీ."

నాన్న కళ్లజోడు సవరించుకున్నారు. సాయిబుగారి అమ్మగారి పేరు కొట్టేశారు, బంధువుల మేనత్తలందరినీ కొట్టేశారు, అమ్మ పేరు మీద మాత్రం గీత లేదు. ఆయనకు గుర్తే రాలేదు.

"ఇరవై రెండేళ్లయింది పెళ్లయి. ఒక్కసారన్నా పిలిచారా దాంతో? ఇప్పుడు నాకూ కుక్కకీ ఒకటే కేక."

"పెళ్లాన్ని పేరు పెట్టి పిలుస్తారుటే ఎవరైనా? నలుగురూ నవ్వరూ?"

అమ్మ పుస్తకం మూసి లోపలికి వెళ్లింది. నాకు నాన్న మీద పట్టరాని కోపం వచ్చింది. అన్నాళ్లూ నేనూ నవ్వినందుకు సిగ్గేసింది.

ఆ వేసవిలో ఏలూరులో గృహప్రవేశానికి వెళ్లి, అద్దె కారులో తిరిగొస్తూ సాయంత్రం హనుమాన్ జంక్షన్‌లో టీకి ఆగాం. అమ్మ కుక్కను గొలుసుతో పట్టుకుని జామకాయల బండి వైపు వెళ్లింది. బస్సులు, లారీలు, దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు. టీ అయిపోయింది, డ్రైవరు తొందరపెడుతున్నాడు, వాళ్లిద్దరి జాడ లేదు. నాన్న "ఏమేవ్!" అని అరిచారు. జనంలోంచి కుక్క గొలుసు ఈడ్చుకుంటూ దూసుకొచ్చింది. దాని వెనక అమ్మ లేదు.

అప్పుడే రోడ్డు మీద ఒక లారీ కీచుమని బ్రేకు వేసింది. "ఏమేవ్! ఏమేవ్!" అంటూ నాన్న అటూ ఇటూ పరిగెత్తారు. పిలిచిన ప్రతిసారీ కుక్కే వచ్చి కాళ్ల దగ్గర తోక ఊపింది. ఆఖరికి రోడ్డు పక్కన నిలబడి, గొంతు చించుకుని, అమ్మ పేరు పెట్టి పిలిచారు. ఆయన నోట ఆ పేరు వినడం నాకదే మొదలు. నలుగురూ తిరిగి చూశారు. ఎవరూ నవ్వలేదు. మళ్లీ పిలిచారు.

బండి వెనక నుంచి అమ్మ వచ్చింది, కొంగులో జామకాయలతో.

"ఎక్కడికి పోయావు?"

"ఇక్కడే ఉన్నానండీ. మీ కేకకి ఇది గొలుసు లాక్కుని వచ్చేసింది కదా. పిలిచింది దీన్నేమో అనుకున్నా."

కారు కదిలాక అమ్మ నా చేతిలో ఒక జామకాయ పెట్టి, చెవి దగ్గరికి వంగింది.

"మొదటిసారి పేరు పెట్టి పిలిచినప్పుడే విన్నానే. ఇంకోసారి పిలుస్తారేమోనని ఆగాను."